నీటిమరలో పాటల పంట

ఇంగ్లండులో ఓ చిన్న పల్లె. ఆ పల్లెలో వాగు ఒడ్డున పాత నీటిమర. ఒకప్పుడు అక్కడ రాళ్లు తిరిగేవి. ఇప్పుడు టేపులు తిరుగుతాయి. పాకిస్థాన్ కవ్వాలీ, ఉగాండా శోకగీతం, టిబెట్ ప్రార్థన... అన్నీ ఆ గుమ్మం దాటాకే ప్రపంచం చెవిన పడ్డాయి. గోదారి గట్టున పుట్టిన మాండలిన్ కూడా!

రాజోలు నుంచి దిండి వెళ్లి వశిష్ఠ మీద వంతెన దాటితే చించినాడ. అక్కణ్నుంచి కాస్త ముందుకెళితే పాలకొల్లు. క్షీరారామలింగేశ్వరుడి గోపురం, అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు... ఆ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేవి చాలానే ఉన్నాయి. సంగీతం తెలిసినవాళ్లకి మాత్రం ముందు గుర్తొచ్చే పేరు ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్ శ్రీనివాస్ అంటే చాలు, ఇంటిపేరుతో పనిలేదు.

ఆ శ్రీనివాస్ వాయించిన ఆల్బమ్‌లు రెండు, 1994లో ఒకటి, 1995లో మరొకటి, బ్రిటన్‌లో విడుదలయ్యాయి. విడుదల చేసింది పేరుమోసిన పెద్ద కంపెనీ కాదు. విల్ట్‌షైర్ కౌంటీలో బాక్స్ అనే పల్లెటూరు చిరునామాగా నడిచే 'రియల్ వరల్డ్ రికార్డ్స్'. పాలకొల్లుకీ బాక్స్‌కీ మధ్య దూరం దాదాపు 8 వేల కిలోమీటర్లు. భాష వేరు, బాణీ వేరు, వినే చెవులు వేరు. అయినా ఈ రెండు ఊళ్లకీ ముడి ఎలా పడింది? అది తెలియాలంటే ఆ చిన్న కంపెనీ కథ మొదటినుంచీ వినాల్సిందే.

దొరల పెట్టెలో మన పాట

బ్రిటన్ కంపెనీలు మన పాటని రికార్డు చేయడం కొత్తేమీ కాదు. 1902లో లండన్ నుంచి గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అమెరికన్ రికార్డింగ్ సామగ్రి వేసుకుని కలకత్తా వచ్చాడు. గౌహర్ జాన్ లాంటి గాయనుల పాటలు పట్టుకెళ్లాడు. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి, ఓడల్లో తిరిగొచ్చి మనకే అమ్ముడయ్యాయి. ఆ పళ్లేలకి వాడే లక్క మాత్రం మన అడవులదే! 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టేదాకా అదే తంతు.

అంటే మొదట్నుంచీ ఇదో వ్యాపారం. ఎవరి పాట అమ్ముడవుతుందో వారిదే రికార్డు. పక్కవాద్యాల వాళ్ల పేర్లు చాలాసార్లు అట్ట మీదకే ఎక్కేవి కావు. కంపెనీలు పెరిగి పెద్దవై, ఒకదాన్నొకటి మింగి, చివరికి వేళ్లమీద లెక్కపెట్టేంత మిగిలాయి. లండన్‌లో కూర్చున్న నలుగురైదుగురు 'ఊఁ' అంటేనే బ్రిటన్‌లో ఏ కుర్రాడి పాటైనా రికార్డయ్యేది.

ఆ పద్ధతికి 1977లో గండి పడింది. మాంచెస్టర్‌కి చెందిన బజ్‌కాక్స్ అనే కుర్రాళ్ల బృందం 500 పౌండ్లు అప్పుతెచ్చి, సొంతంగా ఓ లేబుల్ పేరు పెట్టుకుని, నాలుగు పాటలతో రికార్డు వేసేసింది. పెద్ద కంపెనీ గడప తొక్కకుండానే అది అమ్ముడైంది. ఇంకేముంది! ఊరూరా చిన్న లేబుళ్లు పుట్టుకొచ్చాయి. లండన్‌లో ఓ రికార్డుల కొట్టు నుంచి 1978లో 'రఫ్ ట్రేడ్' లేబుల్ మొదలైంది. అదే ఏడాది మాంచెస్టర్‌లో 'ఫ్యాక్టరీ' వచ్చింది. 1980 నాటికి ఇలాంటి స్వతంత్ర కంపెనీల అమ్మకాలకు విడిగా ఓ పట్టికే మొదలైంది.

పుట్టినంత వేగంగా మూతపడ్డవీ ఉన్నాయి. 1983లో ఫ్యాక్టరీ వేసిన 'బ్లూ మండే' రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. కానీ దాని అట్ట తయారీకి ఎంత ఖర్చు పెట్టారంటే, మొదట్లో ప్రతి కాపీకీ నష్టమే వచ్చిందని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 1992లో ఆ కంపెనీ దివాలా తీసింది. బ్రిస్టల్‌లో ఇద్దరు కలిసి నడిపిన 'సారా రికార్డ్స్' మరో తీరు. 1987లో మొదలై, సరిగ్గా నూరో విడుదలతో, 1995లో తమంతట తామే దుకాణం కట్టేశారు. పాట మీద మమకారం ఒక్కటే ఉంటే సరిపోదు, లెక్కల పుస్తకమూ ఉండాలన్న పాఠం అందరికీ ఒకేలా అబ్బలేదు.

జాతర చేస్తే అప్పులు మిగిలాయి

రియల్ వరల్డ్ కథ అసలు ఓ నష్టంతో మొదలైంది.

పీటర్ గేబ్రియల్ 1950లో పుట్టాడు. జెనెసిస్ అనే రాక్ బృందంలో ప్రధాన గాయకుడు. 1975లో అందులోంచి బయటికొచ్చి సొంతంగా పాడుకుంటున్నాడు. ఆఫ్రికా తాళాలు, ఆసియా రాగాలు వింటూంటే అతనికి ఒకటే అనిపించేది. ఇంత గొప్ప సంగీతం మన రేడియోలో ఎందుకు రాదు? మన కొట్లలో ఎందుకు దొరకదు? తనలాంటి మరికొందరు మిత్రులతో కలిసి 1980లో 'వోమాడ్' అని ఓ సంస్థ పెట్టాడు. సంగీతం, కళలు, నృత్యం... ఏ దేశానివైనా ఒకే పందిట్లోకి తేవాలన్నది ఆలోచన.

1982 జులైలో ఇంగ్లండులోని షెప్టన్ మాలెట్ దగ్గర తొలి జాతర జరిగింది. ఆఫ్రికా నుంచి బురుండీ డోలు కళాకారులు వచ్చారు. బ్రిటిష్ రాక్ బృందాలూ వచ్చాయి. రావాల్సిన జనమే రాలేదు! సరిగ్గా ఆ రోజుల్లోనే రైలు డ్రైవర్ల సమ్మె. మన తీర్థానికి బస్సులూ పడవలూ ఆగిపోతే ఎలా ఉంటుంది? అదే అయింది. నిర్వాహకులు నిండా మునిగారు. అప్పులవాళ్లు వెంటపడ్డారు. అందరిలో పేరున్నవాడు గేబ్రియలే కాబట్టి అందరి వేళ్లూ అతనివైపే.

అప్పుడు ఆదుకున్నది ఎవరో తెలుసా? ఏడేళ్ల కిందట అతను వదిలేసి వచ్చిన జెనెసిస్ బృందం. పాత మిత్రులంతా 1982 అక్టోబరు 2న మిల్టన్ కీన్స్‌లో అతనితో కలిసి ఒక్కరోజు కచేరీ చేశారు. ఆ రోజు జోరున వాన. అయినా జనం కదల్లేదు. వచ్చిన డబ్బుతో అప్పు తీరింది, వోమాడ్ బతికింది. ఆ రాత్రి ఆ కచేరీ జరక్కపోతే తర్వాతి కథేదీ లేదు.

వాగు ఒడ్డున స్టూడియో

1986లో గేబ్రియల్ దశ తిరిగింది. 'సో' ఆల్బమ్ అతన్ని అట్లాంటిక్‌కి రెండువైపులా తారని చేసింది. అందులోని 'స్లెడ్జ్‌హామర్' పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. చేతిలో డబ్బు ఆడింది. లండన్‌లో మేడ కొనుక్కోవచ్చు. అతను మాత్రం బాత్ నగరానికి దగ్గర్లో ఉన్న బాక్స్ పల్లెలో, బై బ్రూక్ అనే వాగు పక్కన ఓ పాత నీటిమర కొన్నాడు.

మామూలుగా రికార్డింగ్ స్టూడియో అంటే కిటికీల్లేని గది. గాయకుడు ఒక గాజు గదిలో, ఇంజినీరు మరో గదిలో. మధ్యలో అద్దం. ఇక్కడ అలా కాదు. 'బిగ్ రూమ్' అని పిలిచే పెద్ద హాలులో ఇంజినీరూ కళాకారులూ ఒకేచోట కూర్చుంటారు. విశాలమైన కిటికీల్లోంచి నీళ్లు కనిపిస్తాయి, ఎండ లోపలికొస్తుంది. ఎక్కడో పల్లెలో చెట్టుకింద పాడుకునేవాణ్ని తెచ్చి గాజుపెట్టెలో నిలబెడితే గొంతు పెగులుతుందా? ఎదురుగా మనుషులుంటేనే కదా పాట!

1989లో ఇక్కణ్నుంచే రియల్ వరల్డ్ రికార్డ్స్ పుట్టింది. స్టూడియో వీళ్లది. కళాకారులు వోమాడ్ జాతరలకి ఎలాగూ వస్తుంటారు. రికార్డులు కొట్లకు చేర్చే పని వర్జిన్ కంపెనీకి అప్పజెప్పారు. చిన్న లేబుళ్లలో చాలావాటికి లేని ఏర్పాటు ఇది. సరుకు ఎంత మంచిదైనా అంగడికి చేరకపోతే ఇంట్లోనే కుళ్లిపోతుందన్న సంగతి షెప్టన్ మాలెట్‌లోనే వాళ్లకి తెలిసొచ్చింది.

మొదటి రికార్డు 'ప్యాషన్'. స్కార్సెసీ సినిమా 'ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్' కోసం గేబ్రియల్ కట్టిన సంగీతం. మన ఎల్.శంకర్ వయొలిన్ అందులో వినిపిస్తుంది. 1990లో దానికి గ్రామీ వచ్చింది. అయితే అసలు మెచ్చుకోవాల్సింది రెండో రికార్డుని. దాని పేరు 'ప్యాషన్ సోర్సెస్'. తాను ఏయే దేశాల బాణీలనుంచి స్ఫూర్తి పొందాడో ఆ మూల సంగీతాన్ని, ఆ కళాకారుల పేర్లతోనే విడిగా వేశాడు. ఎక్కణ్నుంచి తెచ్చామో చెప్పకపోవడమే ఆనవాయితీగా ఉన్న సినిమా సంగీతంలో ఇది అరుదైన పని.

కవ్వాలీ గొంతుకి కొత్త గుమ్మం

ఆ తొలి విడతలోనే వచ్చింది 'షాహెన్ షా'. పాడింది నుస్రత్ ఫతే అలీఖాన్.

1985 జులైలో ఇంగ్లండు తూర్పు తీరంలోని మెర్సీ దీవిలో జరిగిన వోమాడ్ జాతరకి నుస్రత్ వచ్చాడు. పాకిస్థాన్‌లో ఆయన అప్పటికే పెద్దపేరు. బ్రిటన్‌లో పంజాబీ కుటుంబాలకూ తెలుసు. తెల్లవాళ్లకే తెలియదు. ఆ రాత్రి చాలామంది మొదటిసారి విన్నారు. అర్థం తెలియని భాషలో, చప్పట్లూ తబలా హార్మోనియం తోడుగా, ఒక మనిషి గొంతు అలా ఎక్కుతూనే ఉంటే నోరెళ్లబెట్టి చూశారు.

1990లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్ నిర్మాతగా నుస్రత్ 'మస్త్ మస్త్' చేశాడు. కవ్వాలీ పాదాల్ని పక్కనపెట్టి, స్వరాలతోనే సాగే ఆలాపనలకి గిటారూ కీబోర్డూ జోడించారు. బ్రిస్టల్ బృందం మాసివ్ అటాక్ దాన్ని డాన్సు పాటగా మలిచింది. నుస్రత్ పేరు కుర్రకారు క్లబ్బుల్లోకి చేరిపోయింది. నాలుగేళ్లకి మన హిందీ సినిమా 'మోహ్రా'లో వచ్చిన మస్త్ మస్త్ పాట దేశాన్ని ఊపేసింది కదా. ఆ ఊపు వెనక నుస్రత్ కవ్వాలీ ఉందన్న సంగతి అప్పట్లో ఊగినవాళ్లలో ఎందరికి తెలుసు?

1997 ఆగస్టు 16న, 48 ఏళ్ల వయసులో నుస్రత్ లండన్‌లో కన్నుమూశాడు.

పాలకొల్లు పిల్లాడు

ఇక మన కథకి వద్దాం.

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ క్లారినెట్టూ మాండలినూ వాయించేవారు. ఆరేళ్ల పిల్లాడు ఇంట్లో ఉన్న మాండలిన్ అందుకున్నాడు. ఆ వేళ్ల వడుపు చూసి నేర్పడానికి ముందుకొచ్చింది రుద్రరాజు సుబ్బరాజు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్ర విద్వాంసుడు. తమాషా ఏంటంటే ఆయనకి మాండలిన్ రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాటని తీగ మీదకి తెచ్చేవాడు. వాయిద్యం నేర్పే గురువు దొరక్కపోవడమే వరమైందేమో. గొంతులో పలికే ప్రతి వంపూ తీగమీద పలికి తీరాలన్న పట్టుదల అలా అబ్బింది.

ఆ పట్టుదల ఎందుకు అవసరమో తెలియాలంటే మాండలిన్ గురించి కాస్త చెప్పుకోవాలి. అది ఇటలీ వాయిద్యం. రెండేసి చొప్పున నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. మీటితే టింగుమని మోగి వెంటనే ఆగిపోతుంది. సినిమా పాటల్లో బిట్లకి బాగుంటుంది. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. స్వరం ఊగాలి, జారాలి, నిలవాలి. మెట్లున్న వాయిద్యం మీద, నిలవని నాదంతో అదెలా? శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. జత తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు కట్టాడు. తీగని పక్కకు లాగి గమకం పలికించాడు. అంతకుముందు కర్ణాటక కచేరీలో మాండలిన్‌కి చోటే లేదు. ఆ పిల్లాడే దానికి చాప వేశాడు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసులో అరంగేట్రం. విద్వాంసులు మొదట ముక్కున వేలేసుకున్నారు, తర్వాత చేతులు జోడించారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పద్నాలుగేళ్ల వయసులో వాయిస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ కళోత్సవంలోనూ వాయించాడు.

ఈ రోజుల్లోనే బాక్స్ పల్లెలో 'రికార్డింగ్ వీక్' అని ఓ కొత్త పద్ధతి నడుస్తోంది. 1991, 1992, 1995 వేసవుల్లో దేశదేశాల కళాకారుల్ని నీటిమరకి పిలిచారు. వారంపాటు అక్కడే తిండీ నిద్రా. ఏ గదిలో చూసినా ఎవరో ఒకరు వాయిస్తుంటారు. భోజనాల బల్ల దగ్గర పరిచయమైనవాళ్లు సాయంత్రానికల్లా కలిసి పాట కట్టేస్తారు. పెళ్లివారింట్లో విడిది గుర్తొస్తోందా? ఇంచుమించు అదే సందడి!

1994లో రియల్ వరల్డ్ 'రామ శ్రీరామ' విడుదల చేసింది. అది అచ్చమైన కర్ణాటక సంగీతం. పాశ్చాత్య హంగులేవీ అద్దకుండా, మన కచేరీని మన కచేరీలాగే వాళ్లకి వినిపించింది. మరుసటి ఏడాది వచ్చిన 'డ్రీమ్' మాత్రం వేరు. నుస్రత్‌తో పనిచేసిన మైకేల్ బ్రూకే ఇందులో శ్రీనివాస్‌కి జోడీ. బ్రిటన్ వయొలిన్ విద్వాంసుడు నైజెల్ కెనెడీ, కెనడా గాయని జేన్ సిబెరీ, బ్రెజిల్ తాళవాద్యకారుడు నానా వాస్కొన్సెలోస్ తోడయ్యారు. బ్రూక్ గిటారు నాదం ఆగకుండా మబ్బులా పరుచుకుంటుంటే దాని మీద మాండలిన్ చినుకులా రాలుతుంది. మన విద్వాంసుల్లో కొందరికి ఇది రుచించకపోవచ్చు. కానీ గమకం అన్న మాటే వినని చెవులకి గమకాన్ని అలవాటు చేసింది ఇలాంటి రికార్డే.

తర్వాత జాన్ మెక్‌లాక్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో శ్రీనివాస్ ప్రపంచమంతా తిరిగాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన సమస్యలతో కన్నుమూశాడు. అప్పటికి 45 ఏళ్లే.

దేశం వదిలినా పాట వదల్లేదు

నీటిమర గుమ్మం దాటినవాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో కథ.

జియోఫ్రీ ఒరియెమాది ఉగాండా. తండ్రి మంత్రి. 1977లో ఇదీ అమీన్ పాలనలో ఆయన్ని చంపేశారు. కొడుకు ఓ కారు డిక్కీలో దాక్కుని సరిహద్దు దాటాడు. ఆ బాధంతా పాటలుగా 1990లో 'ఎగ్జైల్' పేరుతో రియల్ వరల్డ్ నుంచి వచ్చింది. 'ప్రవాసం' అని దాని అర్థం.

కెన్యాకి చెందిన ఆయుబ్ ఒగాడా చేతిలో న్యటిటి అనే తీగవాద్యం పట్టుకుని లండన్ వెళ్లాడు. భూగర్భ రైలుస్టేషన్లలో వాయించి, దారిన పోయేవాళ్లు వేసే నాణేలతో బతికాడు. అక్కణ్నుంచి వోమాడ్ వేదికకి, అక్కణ్నుంచి 1993లో సొంత ఆల్బమ్‌కి చేరాడు. అందులోని 'కొత్‌బీరో' పాట 2005లో 'ద కాన్‌స్టంట్ గార్డెనర్' సినిమాలో ప్రపంచమంతా వింది.

టిబెట్ గాయని యుంగ్‌చెన్ ల్హమో 1989లో హిమాలయాలు నడిచి దాటి ధర్మశాల చేరింది. 1996లో ఆమె 'టిబెట్ టిబెట్' వచ్చింది. చాలా పాటలకి పక్కవాద్యమే లేదు. ఒక్క గొంతే.

షీలా చంద్ర లండన్‌లో పుట్టిన దక్షిణ భారత మూలాల అమ్మాయి. మన మృదంగ విద్వాంసులు నోటితో పలికే జతుల్ని, కొన్నక్కోల్‌ని, తన ఆల్బమ్‌లలో పాటగా వినిపించింది. 1992 నుంచి 1996 దాకా రియల్ వరల్డ్‌కి మూడు ఆల్బమ్‌లు చేసింది. తర్వాతి కాలంలో నోరు భగ్గున మండే అరుదైన జబ్బు వచ్చి పాడటమే మానుకోవాల్సివచ్చింది. పాట పోయింది. రికార్డులు మిగిలాయి.

లేబుల్ అంటే ఏంటి?

కొబ్బరి రైతుకి చెబితే ఇట్టే అర్థమవుతుంది. రైతు వర్తకుడి దగ్గర ముందుగా సొమ్ము తెచ్చుకుంటాడు. దింపు అయ్యాక ఆ బాకీ తీరేదాకా కాయ ఆ వర్తకుడికే. తర్వాతే చేతికి డబ్బు.

రికార్డు కంపెనీ కూడా అంతే. కళాకారుడికి ముందు 'అడ్వాన్సు' ఇస్తుంది. స్టూడియో ఖర్చులూ పెట్టుకుంటుంది. అమ్మకాల్లో కళాకారుడికి రావాల్సిన వాటా 'రాయల్టీ'. అడ్వాన్సు చెల్లిపోయేదాకా అది కంపెనీ ఖాతాకే జమ.

అసలు టేపుని 'మాస్టర్' అంటారు. అది ఎవరి దగ్గరుంటే పాట మీద పెత్తనం వాళ్లది. చెట్టు ఎవరిదో తేలకుండా కాయల లెక్క తేలదు కదా! అందుకే సంతకం పెట్టేముందు కళాకారుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంతిస్తారని కాదు. మాస్టర్ ఎవరిది, ఎన్నేళ్లకి, అని.

ఏ అరలో పెట్టాలి?

పాటలు రికార్డయ్యాయి సరే. కొట్టువాడు ఎక్కడ పెట్టాలి? రాక్ అరలోనా? జాజ్ అరలోనా? ఈ చిక్కు రియల్ వరల్డ్‌కి ముందే వచ్చింది. 1987 జూన్ 29న లండన్‌లోని ఓ పబ్బులో చిన్న లేబుళ్లవాళ్లు, రేడియోవాళ్లు, కొట్లవాళ్లు కూర్చుని తేల్చారు. ఇకమీదట ఈ పాటలన్నిటికీ ఒకటే చీటీ, 'వరల్డ్ మ్యూజిక్' అని. ప్రచారానికి తలాకాస్త చందాలు వేసుకున్నారు. ఓ అర పుట్టింది. అమ్మకాలు పెరిగాయి.

మేలు జరిగింది. చిక్కూ వచ్చింది. త్యాగరాజ కృతికీ క్యూబా డాన్సు పాటకీ పోలిక ఏముంది? ఇంగ్లిషు కానిదంతా ఒకే గంపలో వేస్తే అది గౌరవమా, చిన్నచూపా? 1999లో అమెరికన్ గాయకుడు డేవిడ్ బైర్న్ ఆ మాటంటేనే తనకు అసహ్యమని న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. ఆయనేమీ ఆ సంగీతానికి శత్రువు కాదు, దాన్ని అమ్మే లేబుల్‌ని తనే పెట్టినవాడు! 2020లో గ్రామీ అకాడమీ కూడా ఆ విభాగం పేరులోంచి 'వరల్డ్ మ్యూజిక్' తీసేసి 'గ్లోబల్ మ్యూజిక్' అని మార్చింది. పేరు మారింది, ప్రశ్న అలాగే ఉంది.

డబ్బు ప్రశ్న కూడా అంతే. రాక్ తారగా గేబ్రియల్ సంపాదన, అద్దెకిచ్చే స్టూడియో వెనక ఉండబట్టే ఈ లేబుల్ నిలదొక్కుకుంది. ఆ దన్ను లేని చిన్న లేబుళ్లు ఎన్నో అదే కాలంలో కనుమరుగయ్యాయి. పంపిణీ చూసిన వర్జిన్‌ని 1992లో ఈఎంఐ కొనేసింది. క్యాసెట్టు పోయింది, సీడీ చిక్కిపోయింది, పాట ఫోన్‌లోకి దూరింది. బాక్స్‌లో మాత్రం పని ఆగలేదు. 2023 చివర్లో గేబ్రియల్ సొంత ఆల్బమ్ 'ఐ/ఓ' కూడా ఈ లేబుల్ మీదే వచ్చింది.

అరలో దొరికిన నిధి

చిన్న లేబుల్ చేసే అన్నిటికన్నా పెద్ద పని ఏదంటే, పారేయకపోవడం.

2021లో రియల్ వరల్డ్ వాళ్లు తమ టేపుల గోదాము సర్దుతుంటే ఓ పాత పెట్టె కంటపడింది. అందులో నుస్రత్ 1990లో తన బృందంతో పాడిన నాలుగు కవ్వాలీలు. 'మస్త్ మస్త్' చేసిన ఏడాదే పాడినవి. గొంతు మంచి పదునుమీద ఉన్న కాలం. ఒక కవ్వాలీ అయితే అంతకుముందు ఎవరూ విననిది. మూడు దశాబ్దాలు అరలో నిద్రపోయిన ఆ టేపుని జాగ్రత్తగా శుభ్రం చేసి, 2024 సెప్టెంబరు 20న 'చైన్ ఆఫ్ లైట్' పేరుతో విడుదల చేశారు. మనిషి పోయిన 27 ఏళ్లకి కొత్త ఆల్బమ్!

అదేదో అదృష్టం అనుకుంటే పొరపాటు. టేపు మీద పేరు రాశారు. చెమ్మ తగలకుండా దాచారు. హక్కులు ఎవరివో కాగితం ఉంది. అందుకే దొరికింది, దొరికాక పనికొచ్చింది.

మన తీర్థం సంగతేంటి?

కోనసీమలో సంగీతానికి కరవా? కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలమీద కదిలొస్తుంటే ముందు సన్నాయి, వెనక డప్పు. చేలల్లోంచి, కాలవ నీళ్లలోంచి ప్రభ దాటుతుంటే తాళం నడక మారుతుంది. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ కర్తవ్యపథ్ మీద నడిచింది ఈ ప్రభల తీర్థమే. అంతర్వేది కల్యాణం, గరగ నృత్యాలు, అగ్రహారాల్లో వేదం... ఒక్కోదానికీ ఒక్కో నాదం.

తీర్థానికి వెళ్లిన ప్రతివాడి జేబులోనూ ఫోనుంది. వీడియోలకి లోటులేదు. కానీ వాటిలో ఎంత వెతికినా దొరకనిది ఒకటుంది. ఆ సన్నాయి వాయించిందెవరు? ఏ ఊరు? ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? ఆ కీర్తన ఏంటి? ఫోను మారితే వీడియో పోతుంది. మేళగాడు ముసలాడైతే బాణీ పోతుంది. తాత వాయించిన తీరు ఎలా ఉండేదో మనవడికి వినిపించడానికి పెట్టె లేదు, అర లేదు.

దానికి పీటర్ గేబ్రియల్ అంత సంపాదన అక్కర్లేదు. ఒకప్పుడు లక్షలు పోస్తేగానీ రాని రికార్డింగ్ నాణ్యత ఇప్పుడు చేతిలో పట్టే యంత్రంతో వస్తోంది. కావాల్సింది ఓ నిశ్శబ్దమైన గది, ఓపికున్న ఇద్దరు మనుషులు, ఓ నోటు పుస్తకం. వాయించినవాళ్ల పేర్లు, తేదీ, ఊరు, గురువు, ఎవరికెంత వాటా... ఇవన్నీ ఆ పుస్తకంలో ఎక్కాలి. రెండు మూడు చోట్ల కాపీలు ఉండాలి. బడి అయినా సరే, గ్రంథాలయమైనా సరే, గుడి కమిటీ అయినా సరే. చిన్న లేబుల్ అంటే అసలు అర్థం అదే.

పాలకొల్లు పిల్లాడి చేతిలో మాండలిన్ పలికినప్పుడు గుడివాడలో విన్నారు, మద్రాసులో విన్నారు, బెర్లిన్‌లో విన్నారు. ఎక్కడో వాగు ఒడ్డున నీటిమరలో విని, భద్రంగా దాచి, పేరు రాసి అట్ట వేశారు. ఆ మనిషి లేడు. ఆ రెండు ఆల్బమ్‌లూ ఉన్నాయి. రాత్రిపూట గోదారి గట్టున కూర్చుని వింటే ఐదు తీగల మీద ఇప్పటికీ ఆ గమకం అలాగే జారుతుంది... నిన్న వాయించినట్టే!